5 కి కరెక్టుగా వస్తోంది, 6 కి తిరగబడుతోంది. ఎందుకు?

కాశీనగర్ పిల్ల
శుక్రవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను బీసీఏ (కంప్యూటర్ డిగ్రీ) మొదటి సంవత్సరం. మాది గజపతి జిల్లా కాశీనగర్ పక్కన పల్లెటూరు, కాలేజీ గుణుపూర్‌లో. ఇంట్లో తెలుగు, పన్నెండో క్లాసు దాకా బడిలో ఒడియా, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు. తెలుగు రాయడం మా మామ్మ దగ్గర గోడ క్యాలెండర్ చూసి నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే నవ్వకండి, ఇవాళ నా మీద నవ్వాల్సినవాళ్ళంతా ల్యాబ్‌లోనే నవ్వేశారు.

హోంవర్క్ ఏంటంటే, మామూలు సంఖ్య ఇస్తే దాన్ని బైనరీలోకి, అంటే 0, 1 అంకెలతోనే రాసే పద్ధతిలోకి మార్చి చూపించాలి, సీ లాంగ్వేజ్‌లో. కోడ్ టైపు చేస్తుంటే నా ఫోన్ బ్రాకెట్లని దానికి నచ్చినట్టు మార్చేస్తోంది, అందుకని మాటల్లో చెప్తాను.

ఎన్ అనే ఇంట్‌లో (పూర్ణ సంఖ్యలే పట్టే డబ్బా) సంఖ్య తీసుకున్నాను.
ఎన్ 0 కంటే పెద్దగా ఉన్నంత సేపు వైల్ లూప్, అంటే లోపలి పని మళ్ళీ మళ్ళీ చేస్తుంది.
లూప్ లోపల: ఎన్ % 2 ని (రెండుతో భాగిస్తే మిగిలే శేషం) ప్రింట్ చెయ్యి. తర్వాత ఎన్ = ఎన్ / 2.

అంతే. క్లాసులో చెప్పింది కూడా ఇదే కదా, రెండుతో భాగించు, శేషం రాసుకో, మళ్ళీ భాగించు.

నిన్న రాత్రి ఫోన్‌లో కంపైలర్ యాప్‌లో రన్ చేశాను. 5 ఇస్తే 101 వచ్చింది. 7 కి 111, 9 కి 1001. పుస్తకం వెనక జవాబులతో పోల్చుకున్నాను, మూడూ కరెక్టే. హాయిగా పడుకున్నాను. పొద్దున్న ల్యాబ్‌లో సార్ వచ్చి 6 ఇమ్మన్నారు. 011 వచ్చింది. 110 రావాలి. "తిరగేసి రాశావు, సోమవారం మళ్ళీ చూపించు" అని పక్క సీటుకి వెళ్ళిపోయారు.

తిరగేసి రాస్తే 5 కూడా తిరగబడాలి కదా? 9 ఎందుకు తిన్నగా వస్తోంది? ల్యాబ్‌లో సీ కోడ్ నడపడానికి ఉన్నది టర్బో సీ, నీలం తెర మీద పసుపు అక్షరాలు, దాని తప్పే అయి ఉంటుందని బస్సులో వస్తున్నంత సేపూ తిట్టుకున్నాను. ఇంటికొచ్చి ఫోన్‌లో 6 ఇస్తే ఇక్కడా 011. ఫోన్‌ని ఎలా తిట్టను, ఉన్నదే అదొక్కటి, ల్యాప్‌టాప్ లేదు.

కోడ్ మొత్తం రాసిచ్చెయ్యమని అడగట్లేదు. ఇస్తే వద్దనను కూడా. కానీ సోమవారం సార్ లైను లైనుకీ ఎందుకు అని అడుగుతారు, అదీ నా టెన్షన్.


సెమికోలన్ మర్చిపోయా
శుక్రవారం, రాత్రి 10.05

చెల్లీ, ఇంత కథ దేనికి. టర్బో సీలో ఐటోఏ అని ఒక రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. సంఖ్య, ఒక క్యారెక్టర్ అర్రే (అక్షరాలు దాచుకునే గళ్ళ వరస), 2, ఈ మూడూ ఇచ్చావంటే బైనరీ చేసి చేతిలో పెడుతుంది. ఒక్క లైను. సోమవారం చూపించు, ఇంటికెళ్ళి పడుకో.

నాదీ మీ గుణుపూర్ ఉన్న రాయగడ జిల్లాయే లే. డిగ్రీలో నేనూ ఇలాగే రాత్రి పదింటికి ఎవరో ఒకరిని పట్టుకునేవాణ్ణి.


కాశీనగర్ పిల్ల
శుక్రవారం, రాత్రి 10.20

అన్నా, థాంక్స్. ఫోన్‌లో పెట్టి చూస్తే అసలా ఫంక్షనే తెలీదంటోంది. పైగా సోమవారం సార్ "లోపల ఏం జరుగుతోంది" అంటే నేనేం చెప్పాలి, రాయగడ అన్న చెప్పాడనా?


ఉత్పలమాల
శుక్రవారం, రాత్రి 11.10

ఇక్కడ అసలు సంగతి ఎవరూ చూడలేదు. అమ్మాయ్, ఇది మన ఛందస్సులో ఉన్నదే. గురువుని 1 అనుకో, లఘువుని 0 అనుకో. మూడక్షరాల గణాలు ఎన్ని? య మ త ర జ భ న స, 8. ఎందుకు ఎనిమిది? ఒక్కో చోట గురువో లఘువో రెండే దారులు, 2×2×2.

ఇప్పుడు నీ సంఖ్యలు చూడు. 5 అంటే 101, గురువు లఘువు గురువు, ర గణం. తిరగేసినా ర గణమే. 7 అంటే 111, మ గణం. తిరగేసినా మ గణమే. 6 అంటే 110, త గణం. దాన్ని తిరగేస్తే 011, య గణం అయి కూర్చుంటుంది. నీ ప్రోగ్రామ్ త గణాన్ని య గణం చేసింది, అంతే! శ్రీకాకుళంలో మా తెలుగు మాస్టారు వింటే నీ చెవి మెలిపెట్టేవారు.


కాశీనగర్ పిల్ల
శుక్రవారం, రాత్రి 11.25

సార్, మీరు చాలా ఓపిగ్గా చెప్పారు, కానీ ర గణం అంటే ఏంటి? మాది ఒడియా మీడియం సార్. గురువు లఘువు మాకెవరూ చెప్పలేదు. 5 తిరగేసినా 5 లాగే ఉంటుంది అన్న ముక్క మాత్రం అర్థమైంది. అంటే నా ప్రోగ్రామ్ మొదట్నించీ తిరగేసే రాస్తోందా? నేను ఇచ్చిన మూడూ అలాంటివే పడ్డాయా? ఏం అదృష్టం నాది.

కానీ ఎందుకు తిరగేస్తోంది? పుస్తకంలో చెప్పినట్టే భాగించాను కదా.


కిమిడి లెక్కల మాస్టారు
శనివారం, ఉదయం 6.15

తల్లీ, మొదట నీ తెలుగు సంగతి. దానికి సంజాయిషీ ఇచ్చుకోకు. మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసిన ఊరు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని ఆయన పోరాడింది నీలాంటివాళ్ళు భయపడకుండా రాస్తారనే కదా. నేను లెక్కలు చెప్పి రిటైరయ్యాను, కంప్యూటరు మా మనవడు నేర్పాడు.

ఉత్పలమాల గారు చెప్పినది అక్షరాలా నిజం. "వికటకవి" అని రాసి చూపిస్తే తిన్నగా రాశావో తిరగేసి రాశావో ఎవరు కనిపెట్టగలరు? నువ్వు పరీక్షకి పట్టుకెళ్ళిన మూడూ వికటకవులే. ఇకమీదట ఒక సరి సంఖ్య తప్పకుండా ఇచ్చి చూడు, దాని బైనరీ చివర 0 ఉంటుంది, మొదట్లో ఎప్పుడూ 1 ఉంటుంది, కాబట్టి తిరగబడితే వెంటనే దొరికిపోతుంది.

ఇక ఎందుకు తిరగబడుతోందంటావా. మీ ఇంట్లో సోల, మానిక ఉన్నాయా? మన వైపు ఉండకపోవు. 1936 ఏప్రిల్ 1న మా ఊరిని ఒడిశాలో కలిపారు గానీ ఇళ్ళలో కుంచాలు కుంచాలుగానే ఉన్నాయి. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అంతా రెండేసి. మనవాళ్ళు బియ్యం కొలిచింది బైనరీలోనే, ఆ పేరు తెలీదంతే.

ఫోన్ పక్కన పెట్టు. 13 సోలల బియ్యం తీసుకో. రెండేసి సోలలు కలిపి తవ్వలు చెయ్యి, మిగిలిన సోల ఎంతో కాగితం మీద రాయి. తవ్వలని రెండేసి కలిపి మానికలు చెయ్యి, మిగిలిన తవ్వ ఎంతో దాని పక్కన రాయి. అలా అడ్డ దాకా పో. ఏమీ మిగలకపోతే 0 అని రాయి, వదిలెయ్యకు. అయ్యాక మీ మామ్మని పిలిచి ఎంతుందో కొలిచి చెప్పమను. ఆవిడ చెప్పిన వరసా, నీ కాగితం మీద వరసా పక్కపక్కన పెట్టుకుని చూడు. జవాబు నేను చెప్పను.

ఇంకోటి. తీరిక దొరికినప్పుడు నీ ప్రోగ్రామ్‌కి 0 ఇచ్చి చూడు.


కాశీనగర్ పిల్ల
శనివారం, సాయంత్రం 5.50

మాస్టారూ, చేశాను. కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే ఇవాళ మా ఇంట్లో ఇదే పని.

మా మామ్మ పుట్టిల్లు పాతపట్నం దగ్గర. పెళ్ళికి సారెతో వచ్చిన ఇత్తడి మానిక ఇంకా ఉంది, సోల కూడా. తవ్వ, అడ్డ లేవు. అందుకని అరుగు మీద గోనె పరిచి, ప్రతి సోలనీ విడిగా ఒక కుప్ప పోశాను. 13 కుప్పలు. రెండేసి కలిపితే 6 పెద్ద కుప్పలయ్యాయి, ఒక చిన్న కుప్ప మిగిలింది. కాగితం మీద 1. ఆరింటిని రెండేసి కలిపితే 3 మానిక కుప్పలు, ఏమీ మిగల్లేదు. 0. మూడింట్లో రెండు కలిపితే ఒక అడ్డ, ఒక మానిక మిగిలింది. 1. ఒక్క అడ్డకి జత లేదు, అదే మిగిలింది. 1. నా కాగితం మీద 1011.

ఈలోగా కోడి ఒకటి వచ్చి అడ్డ కుప్పలో కాలు పెట్టింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మామ్మ వచ్చి "ఏటే, బియ్యంతో ఆటలేటి" అంది. ఎంతున్నాయో చెప్పవే అంటే కుప్పలు చూసి కొలవకుండానే చెప్పేసింది: "అడ్డ, మానిక, సోల." నేను కాగితం చూసుకున్నాను. మామ్మ పెద్ద కొలత నుంచి కిందకి చెప్తోంది. నేను చిన్న కొలత నుంచి పైకి రాశాను. మొదట మిగిలేది ఎప్పుడూ సోలే, అదే మొదట కాగితం ఎక్కింది. మరి చదివేటప్పుడు సోల చివర రావాలి! నా కాగితాన్ని కుడి నుంచి ఎడమకి చదివితే 1101. పుస్తకంలో 13 కి అదే ఉంది.

అంటే భాగించడంలో తప్పు లేదు. శేషం దొరికిన వెంటనే ప్రింట్ చేసెయ్యడమే తప్పు. పుస్తకంలో కూడా శేషాలని "కింది నుంచి పైకి చదవాలి" అని ఒక బాణం గుర్తు ఉంది, దాన్ని నేను అలంకారం అనుకున్నాను.

మామ్మని ఇంకోటి అడిగాను. నువ్వు అడ్డ, మానిక, సోల అన్నావు, తవ్వ సంగతి చెప్పలేదేం అని. "లేనిదాన్ని ఏల సెప్తారే" అంది. నోటితో చెప్పేటప్పుడు పేరుంది కాబట్టి సరిపోయింది మాస్టారూ, అంకెల్లో రాస్తే పేర్లుండవు కాబట్టి ఆ చోట 0 పెట్టాలి, లేకపోతే 111 అయిపోతుంది. మీరు వదిలెయ్యకు అన్నది అందుకేనా? ఈ ముక్క నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను వినలేదేమో.

ఇదంతా కంప్యూటర్ చదువు అంటే మామ్మ నమ్మలేదు. "దీనికి ఫీజులు కట్టాలేటి?" అంటోంది.

ఇప్పుడు ప్రోగ్రామ్ ఇలా మార్చాను. శేషాన్ని ప్రింట్ చెయ్యకుండా జవాబు అనే ఇంట్‌లో కూడబెడుతున్నాను. స్థానం అని ఇంకో ఇంట్, మొదట 1. లూప్‌లో జవాబు = జవాబు + శేషం × స్థానం, తర్వాత స్థానం = స్థానం × 10. చివర ఒక్కసారి ప్రింట్. ఫోన్‌లో 6 కి 110, 13 కి 1101, 20 కి 10100. వికటకవులు ఏవీ ఇవ్వలేదు చూడండి. సోమవారం చూపించి వచ్చి చెప్తాను.


ఉత్పలమాల
శనివారం, రాత్రి 8.00

గణాలు ఓడిపోయి సోల గెలిచింది. ఒప్పుకుంటున్నాను. కోడి సంగతి బాగుంది.


కాశీనగర్ పిల్ల
సోమవారం, మధ్యాహ్నం 1.30

మళ్ళీ నేనే. క్యాంటీన్ నుంచి రాస్తున్నాను, ఏడుపొస్తోంది.

ల్యాబ్‌లో 6 ఇచ్చాను, బాగుంది. 20 కూడా. సార్ మెచ్చుకోబోయి 32 ఇచ్చారు. మైనస్ 31072 వచ్చింది. బైనరీలో 3 ఎక్కడిది, 7 ఎక్కడిది, ఆ మైనస్ ఎక్కడిది? అదే ప్రోగ్రామ్ ఫోన్‌లో 32 కి 100000 అని చక్కగా చూపిస్తోంది. ఈసారి నిజంగా ల్యాబ్ కంప్యూటరే పాడైంది కదా? సార్ గురువారం దాకా టైమిచ్చారు.


సెమికోలన్ మర్చిపోయా
సోమవారం, మధ్యాహ్నం 2.10

చెల్లీ, కంప్యూటర్ బంగారంలా ఉంది. మొన్న నేను అడ్డదారి చూపించి పారిపోయాను, ఈసారి తిన్నగా చెప్తాను.

నువ్వు "జవాబు"లో దాచింది బైనరీ కాదు. 100000 అంటే దానికి అచ్చంగా లక్షే. చూడ్డానికి మాత్రమే బైనరీలా ఉంది. టర్బో సీ 1987లో వచ్చిన సరుకు, విండోస్‌కి ముందు వాడిన డాస్ కాలానిది. అందులో ఇంట్ అంటే 2 బైట్లు, దాన్లో పట్టే పెద్ద సంఖ్య 32767. లక్ష ఎలా పడుతుంది? మాస్టారి భాషలో చెప్పాలంటే సోలలో కుంచం పొయ్యబోయావు.

పొర్లిపోయాక ఎంత మిగులుతుందో లెక్క కూడా తేలికే. 2 బైట్లలో మొత్తం 65536 రకాలు పడతాయి. లక్షలోంచి 65536 తీసేస్తే 34464. అదీ 32767 దాటింది కాబట్టి ఆ వైపువన్నీ మైనస్ కింద లెక్క, ఇంకోసారి 65536 తియ్యి. మైనస్ 31072. మీ సార్ తెర మీద చూసింది అదే. 31 ఇచ్చి ఉంటే 11111 వచ్చేది, బతికిపోయేదానివి. ఆయన కావాలనే 32 ఇచ్చారు, నా అనుమానం.

ఫోన్‌ని చూసి మురిసిపోకు. దాన్లో ఇంట్ 4 బైట్లు, 2147483647 దాకా పడుతుంది. 1023 ఇస్తే పది ఒకట్లు సరిగ్గా వస్తాయి. 1024 ఇచ్చి చూడు.

లాంగ్ అని మార్చుకోవచ్చు గానీ, అదీ ఇంకాస్త పెద్ద గిన్నె అంతే, ఎక్కడో అక్కడ పొర్లుతుంది. శేషాలు కాగితం మీద రాసుకున్నావు చూడు, అలాగే ప్రోగ్రామ్‌కీ ఒక కాగితం ఇవ్వు. 16 గళ్ళ అర్రే చాలు టర్బో సీకి, ఫోన్‌కైతే 32. ఒక్కో శేషాన్నీ ఒక్కో గడిలో పెట్టు. అయిపోయాక చివరి గడి నుంచి మొదటి గడికి ప్రింట్ చేసుకుంటూ రా. కోడ్ రాసివ్వను, మాస్టారు తిడతారు.


కాశీనగర్ పిల్ల
సోమవారం, రాత్రి 9.15

అన్నా, 1024 ఇచ్చాను. 1410065408 అంటోంది. నా ఫోన్ కూడా పొర్లుతోంది. దాన్ని తిట్టనందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

అర్రే రాశాను. ఐ అనే లెక్కపెట్టేవాడు మొదట 0. శేషాన్ని ఐ గడిలో పెట్టి ఐ ని ఒకటి పెంచుతున్నాను. తర్వాత ఐ నుంచి 0 దాకా వెనక్కి ప్రింట్. 6 కి ముందు ఏదో సంబంధం లేని పెద్ద సంఖ్య వచ్చి, దాని వెనకాల 110 వస్తోంది. 110 ఉంది కాబట్టి సగం సంతోషం. ఆ ముందరిది ఎవరిది?


కిమిడి లెక్కల మాస్టారు
మంగళవారం, ఉదయం 6.00

6 తోనే కాగితం మీద చేసి చూడు. ఏ శేషం ఏ గడిలో పడింది, లూప్ అయ్యేసరికి ఐ ఎంత, ఆ నంబరు గడిలో నువ్వేమైనా పోశావా? బియ్యం పొయ్యని డబ్బా మూత తీస్తే అందులో ఏముంటుందో ఎవరు చెప్పగలరు.

0 సంగతి చూశావా లేదా?


కాశీనగర్ పిల్ల
గురువారం, సాయంత్రం 6.30

గడులు 0, 1, 2 లో పోశాను, ఐ మాత్రం 3 దగ్గర నిలబడింది. నేను 3 నుంచి చదవడం మొదలుపెట్టాను, అందుకే ఆ చెత్త. ఐ - 1 నుంచి మొదలెడితే పోయింది. మాస్టారూ, మీరు చెప్పినట్టు 0 ఇస్తే తెర ఖాళీగా ఉండిపోయింది, లూప్ లోపలికి అడుగే పెట్టలేదు. వైల్ తీసి డూ-వైల్ పెట్టాను, ఒక్కసారైనా లోపలికి వెళ్ళి వస్తుందని. ఇప్పుడు 0 కి 0.

ఇవాళ ల్యాబ్‌లో సార్ 32 ఇచ్చారు, వచ్చింది. 32767 ఇచ్చారు, పదిహేను ఒకట్లు వచ్చాయి. 0 కూడా ఇచ్చారు! నేను ముందే చూసుకున్నానని మొహం చూసి తెలిసిపోయినట్టుంది, ఏమీ అనకుండా రికార్డు మీద సంతకం పెట్టేశారు. వెనక బెంచీ వాళ్ళు అర్రే ఎందుకు అని నన్నే అడిగారు. సోల, తవ్వ అని మొదలుపెట్టేసరికి వాళ్ళు నవ్వారు, కానీ ఒకమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసి మానిక ఉందా అని అడిగింది.

సార్ వచ్చే వారానికి ఇంకోటి ఇచ్చారు, హెక్సాడెసిమల్‌లోకి మార్చమని. రెండుతో కాకుండా పదహారుతో భాగించాలిట. ఇంటికొచ్చి మామ్మతో పదహారు అనగానే, నేనింకా చెప్పకముందే, "కుంచానికి పదారు సోలలు గదే" అంది. శేషం 10, 11 అలా వస్తే ఒక్క గడిలో ఎలా రాయాలో తెలీట్లేదు. ఈ రాత్రి ప్రయత్నిస్తాను. రేపు పొద్దున్న ఆరింటికి మాస్టారు లేస్తారు కదా, అప్పటికి నా తప్పు ఇక్కడ పెడతాను.